బట్ట అడగని బడి

వెనకటికి ఒక రాజ్యంలో వరసగా మూడేళ్లు వానలు మొహం చాటేశాయి. పొలాలు బీడుపడ్డాయి. కూలి దొరకని జనం మూటాముల్లె సర్దుకుని ఊళ్లు విడుస్తుంటే రాజుకు దిగులు పట్టుకుంది. అంత కరువులోనూ నేతబట్టకు మాత్రం గిరాకీ తగ్గలేదు. రేవుకు వచ్చే ఓడలు ఎంత నేస్తే అంత కొనుక్కుపోతున్నాయి. అందుకని రాజు ఊరూరా దండోరా వేయించాడు: "నేత నేర్చుకోదలిచిన ప్రతి మనిషికీ ఖజానా అప్పిస్తుంది. పది వరహాల దాకా గురువుకు మేమే నేరుగా చెల్లిస్తాం. పని వచ్చి సంపాదన మొదలయ్యాక కొద్దికొద్దిగా తిరిగి కట్టండి."

మంచి మనసుతో చేసిన పనే. నేతవీధిలో పెద్దలు అప్పటికే పని నేర్పుతున్నారు. గుంట మగ్గాలు, ఇళ్ల అరుగులు, వీధి పొడుగునా సాగదీసిన పడుగులు, అదే వాళ్ల బడి. మొదటి నెల కండెలు చుట్టించేవారు. తర్వాత తెగిన పోగు అతకడం. చెయ్యి కుదిరాకే నాడె అందేది. ఇంతా చేసి వాళ్లు తీసుకునేది రెండు వరహాలు. కానీ ఉన్నవి నలభై మగ్గాలు, వచ్చినవాళ్లు వందల మంది. రాజు నేర్చుకునేవాళ్లకు అప్పు ఇచ్చాడు గాని వీధికి కొత్త మగ్గాలు ఇవ్వలేదు. కరువు పేరు చెప్పి, ఏటా ఇచ్చే నూలును కూడా సగానికి కోసేశాడు. "చోటు లేదమ్మా, వచ్చే ఏడు రండి" అని పెద్దలు నొచ్చుకుంటూనే వెనక్కి పంపేవారు.

ఆ ఊళ్లో మగ్గం మొహం చూడని వర్తకుడొకడు రాజశాసనాన్ని ఒకటికి నాలుగుసార్లు చదివించుకుని విన్నాడు. చేరిన మనిషికి ఇన్ని వరహాలని ఉంది. ఆ మనిషి నేసిన బట్ట ఊసు ఎక్కడా లేదు.

మూడు నెలలు తిరక్కుండానే రాజవీధిలో స్వర్ణమగ్గ విద్యాశాల లేచింది. వాకిట్లో బంగారు పూత పూసిన మగ్గం, దాని చుట్టూ ఎవరూ ముట్టుకోకుండా కంచె. లోపల నిజం మగ్గాలు ఆరు. ఒక్కొక్కరికి పది వరహాలు పుచ్చుకుని, అందులో ఒకటిముప్పావు నేర్పేవాళ్ల జీతాలకూ, రెండుకు పైగా డప్పులవాళ్లకూ దళారులకూ పెట్టి, మిగిలినదాంట్లో దాదాపు రెండు వర్తకుడు ఇనప్పెట్టెలో వేసుకునేవాడు. దళారికి జీతం తక్కువ, తెచ్చిన తలకింత అని ముట్టేది ఎక్కువ. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల గుడారాల దగ్గరా, కూలి అడ్డాల దగ్గరా, సత్రాల దగ్గరా వాళ్లు కాచుకుని ఉండేవారు.

బడి నికార్సైనదేనని చెప్పే రాజముద్ర కూడా ఆ గేటు మీద ఉంది. ముద్ర వేసేది ఒక పెద్దల సభ. ఆ సభకు బత్తెం ఇచ్చేది ఏ బడులకు ముద్ర వేస్తారో ఆ బడులే.

ముత్యాలు వడ్లు దంచి బతికే మనిషి. మొగుడు వలసపోయి తిరిగి రాలేదు. ఒక కూతురు. నేతవీధికి రెండుసార్లు వెళ్లి చోటు లేక తిరిగొచ్చింది. ఒకనాటి సాయంత్రం దళారి ఆమె రోలు పక్కన వచ్చి కూచున్నాడు.

"చెల్లెమ్మా, నీ మంచీచెడూ చూసేవాళ్లు ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరన్నా."

"ఈ రోకలి ఇంకా ఎన్నాళ్లు పడతావు? రేపు నీ కూతురూ ఇదే పట్టాలా?"

ముత్యాలు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు కనబడేదాకా అడుగుతూనే ఉండమని వర్తకుడు వాళ్లకు నేర్పించాడు. కనబడగానే దళారి తాటాకు తీశాడు. "ఇవాళే వేలిముద్ర వెయ్యమ్మా. రేపటికి చోటుండదు."

బడిలో ముత్యాలు ఒక ఏడాది కూచుంది. పడుగు, పేక, నాడె, కండె పేర్లన్నీ వల్లె వేసింది. మగ్గం బొమ్మ గీసింది. ఏ దేశంలో ఏ అంచు చీరకు ఎంత ధర పలుకుతుందో విన్నది. మగ్గం మీద కూచునే వంతు రెండు పక్షాలకోసారి వచ్చేది, వచ్చిన రోజున నూలు ఉండేది కాదు. నేర్పే గురువుల్లో ఒకరిద్దరు మంచివాళ్లు, తమ డబ్బుతో నూలు కొనుక్కొచ్చి చూపించిన రోజులున్నాయి. వాళ్లకు మూడో నెల నుంచి జీతం అందలేదు. ఏడాది చివర ఆమె పేరు చెక్కిన రాగిరేకు చేతికిచ్చారు.

రేవు దగ్గర బట్టల వర్తకుడు ఆ రేకు వైపు చూడను కూడా లేదు. "మగ్గం అదిగోనమ్మా, జానెడు నేసి చూపించు" అన్నాడు. ముత్యాలు నేయలేకపోయింది. నేతవీధికి వెళితే పెద్దాయన ఆమె వేళ్లు పట్టుకు చూసి, "ఏడాది నేర్చావంటున్నావు, కండె చుట్టడం దగ్గరి నుంచి మొదలుపెట్టాలి తల్లీ" అన్నాడు. బడికి వెళ్లి అడుగుదామని తిరిగొస్తే రాజవీధిలో గేటుకు తాళం. బయట కొన్ని వందల మంది. సగం చదువులో ఉన్నవాళ్లు, రేకులు పట్టుకున్నవాళ్లు, జీతాలు రాని గురువులు. వర్తకుడు రాత్రికి రాత్రే ఓడెక్కాడు.

నెల తిరక్కుండా ఖజానా భటుడు ముత్యాలు గుమ్మంలో నిలబడ్డాడు. పది వరహాలు, వడ్డీతో పన్నెండు.

"నాకు పని రాలేదయ్యా. ఆ వరహాలు నేను కళ్లతో కూడా చూడలేదు."

"బాకీ నీ వేలిముద్ర మీద ఉంది."

వర్తకుడి వేలిముద్ర ఎక్కడా లేదు.

చివరికి పదిహేను మంది ఒక్కటై కోట ముందు కూచున్నారు. కట్టం, కట్టలేం అన్నారు. వాళ్లను చూసి ఇంకా చాలామంది వచ్చారు. విచారణ జరిగింది, సాక్ష్యాలు విన్నారు, రాజు మారాడు, మళ్లీ విచారణ జరిగింది. ముత్యాలు కూతురు పెళ్లీడుకు వచ్చిన ఏడు ఖజానా అందరి అప్పులూ కొట్టేసింది. ఆ లోటు రైతుల శిస్తులోంచి పూడింది.

కొత్త రాజు నిండు సభలో తాటాకులు చింపి, "ఇక మీ గోడు తీరినట్టేనా?" అని అడిగాడు.

ముత్యాలు లేచి దండం పెట్టింది. "మా అప్పు కొట్టేశారు ప్రభూ, మీ దయ. నేతవీధిలో మగ్గాలు ఇప్పటికీ నలభయ్యే ఉన్నాయి."

నీతి

ఈ కథలోని రాజ్యం అమెరికా. కరువు 2008 ఆర్థిక మాంద్యం. వరహాలు అక్కడి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే విద్యారుణాలు, గ్రాంట్లు. స్వర్ణమగ్గ విద్యాశాలకు చాలా పేర్లున్నాయి: కొరింథియన్ కాలేజెస్, ఐటీటీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్, ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్స్. పేరుకు కాలేజీలు, నడక కంపెనీలది. కొన్నింటి షేర్లు స్టాక్ మార్కెట్లో అమ్ముడుపోయేవి.

ముత్యాలు నా కల్పన. వరహాల పంపకం కల్పన కాదు. సెనేటర్ టామ్ హార్కిన్ నాయకత్వంలో సెనేట్ కమిటీ ఇలాంటి 30 కంపెనీల లెక్కలు తెప్పించి 2012లో నివేదిక ఇచ్చింది. వచ్చిన ఆదాయంలో చదువు చెప్పడానికి పెట్టింది 17.2 శాతం. ప్రకటనలకూ, విద్యార్థులను చేర్పించడానికీ పెట్టింది 22.7 శాతం. లాభం 19.4 శాతం. ఈ మూడు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ సంస్థల అసలు పని ఏమిటో తెలిసిపోతుంది. అదే నివేదికలో ఇంకో లెక్క ఉంది, నన్ను ఎక్కువగా కలచివేసింది అదే. 2010లో ఆ కంపెనీల్లో విద్యార్థులను చేర్పించే ఉద్యోగులు 35,202 మంది. చదువు అయ్యాక ఉద్యోగం చూపించే ఉద్యోగులు 3,512 మంది. లోపలికి తెచ్చేవాళ్లు పదిమందికి బయట దారి చూపేవాడు ఒక్కడు. 2008-09లో చేరినవాళ్లలో సగానికి పైగా 2010 నడిమికల్లా డిగ్రీ లేకుండానే వెళ్లిపోయారు.

దళారి ముత్యాలును అడిగిన ప్రశ్నలూ ఊహించి రాసినవి కావు. ఐటీటీలో చేర్పించే ఉద్యోగులకు ఇచ్చిన శిక్షణలో, ఎదుటి మనిషి బాధను తవ్వి తీసే ప్రశ్నల వరస ఒకటి ఉందని హార్కిన్ నివేదిక బయటపెట్టింది. తమ దగ్గర చేరేవాళ్లు ఒంటరివాళ్లు, తమ మీద తమకు నమ్మకం తక్కువైనవాళ్లు, పట్టించుకునేవాళ్లు పెద్దగా లేనివాళ్లు అని కొరింథియన్ తన లోపలి కాగితాల్లో రాసుకుంది. కాలిఫోర్నియా అటార్నీ జనరల్‌గా కమలా హారిస్ 2013లో వేసిన దావాలో ఆ సంగతి ఉంది. బాధలో ఉన్న మనిషిని వెతికి పట్టుకుని ఆ బాధకే వెల కట్టడం వ్యాపారం కాదు. దానికి క్షమాపణ లేదనే నేను అనుకుంటాను.

చట్టం లేక ఇదంతా జరగలేదు. చేర్పించిన తలకింత అని కమీషన్ ఇవ్వడాన్ని అమెరికా 1992లోనే నిషేధించింది. 2002లో ప్రభుత్వం ఆ నిషేధానికి పన్నెండు మినహాయింపులు ఇచ్చింది, వాటిని తీసేసరికి 2011 వచ్చింది. లాభాల కోసం నడిచే కాలేజీ ఆదాయంలో ఫెడరల్ విద్యా సహాయం 90 శాతం దాటకూడదని ఇంకో నిబంధన ఉంది. మాజీ సైనికులకు ప్రభుత్వమే ఇచ్చే చదువు డబ్బును మాత్రం చాలాకాలం మిగతా 10 శాతం కిందే లెక్కేశారు. దాంతో ఒక్క సైనికుడిని చేర్పిస్తే ఆ లెక్క చూపించి ఫెడరల్ డబ్బు ఇంకా తొమ్మిదింతలు రాబట్టుకునే వీలుండేది. వీళ్లు సైనికులను యూనిఫాం తొడుక్కున్న డాలర్లుగా చూస్తున్నారని, సైనిక కుటుంబాల రక్షణ కోసం ప్రభుత్వంలో పనిచేసిన హాలీ పెట్రేయస్ 2011లో రాశారు. ఆ సందును పూడ్చే చట్టం 2021లో గాని రాలేదు. ఇక ముద్ర వేసే పెద్దల సభ: కొరింథియన్‌కు చెందిన చాలా క్యాంపస్‌లకూ ఐటీటీకీ గుర్తింపు ఇచ్చిన ఏసీఐసీఎస్ అనే సంస్థ, తాను తనిఖీ చేయాల్సిన కాలేజీల చందాలతోనే నడిచేది. 2016లో ప్రభుత్వం దాని అధికారాన్ని రద్దు చేసింది, 2018లో తిరిగి ఇచ్చింది, 2022లో మళ్లీ తీసేసింది.

కూలడం మొదలయ్యాక త్వరగానే కూలాయి. ఉద్యోగాల లెక్కలు తప్పుగా చూపించిన సందర్భాలు 947 బయటపడ్డాయని 2015 ఏప్రిల్‌లో కొరింథియన్‌కు చెందిన హీల్డ్ కాలేజీకి విద్యాశాఖ 3 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. అదే నెల 27న కంపెనీ మిగిలిన క్యాంపస్‌లన్నీ ఒక్కసారిగా మూసేసింది. 16,000 మంది విద్యార్థులు ఆ వార్త విని నిద్రలేచారు. ఐటీటీ 2016 సెప్టెంబరులో, ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్స్‌లో చివరిదాకా మిగిలినవి 2023 సెప్టెంబరులో మూతపడ్డాయి. ఒకప్పుడు నాలుగున్నర లక్షలు దాటిన విద్యార్థులతో వెలిగిన యూనివర్సిటీ ఆఫ్ ఫీనిక్స్ మూతపడలేదు గాని బాగా కుంచించుకుపోయింది. పెద్ద కంపెనీలతో ఒప్పందాలున్నట్టు భ్రమ కలిగించే ప్రకటనలు వేసిందన్న కేసులో 2019లో 19.1 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది.

కోట ముందు కూచున్న పదిహేను మందీ నిజమే. 2015 ఫిబ్రవరిలో కొరింథియన్ పాత విద్యార్థులు పదిహేను మంది మేం అప్పు కట్టం అని బహిరంగంగా ప్రకటించారు. 2022 జూన్‌లో 5,60,000 మంది కొరింథియన్ రుణగ్రస్తుల బాకీ 580 కోట్ల డాలర్లు రద్దయింది. ఆ ఆగస్టులో ఐటీటీ వాళ్లకు 390 కోట్లు, 2024 మేలో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్స్ వాళ్లకు 610 కోట్లు. అంతా పన్నులు కట్టేవాళ్ల సొమ్ము. అప్పు పోయినా, పాతికేళ్ల వయసులో పోగొట్టుకున్న రెండేళ్లు మాత్రం ఎవరికీ తిరిగి రాలేదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఈ కాలేజీల దగ్గర జనం ఊరికే చేరలేదు. పగలు పనిచేసే తల్లికి రాత్రి క్లాసు పెట్టింది వాళ్లు. ఫోన్ చేస్తే వెంటనే ఎత్తింది వాళ్లు. ఆ రోజుల్లోనే రాష్ట్రాలు తమ ప్రభుత్వ కాలేజీలకు నిధులు కోశాయి, కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో క్లాసులు దొరక్క లక్షలమంది వెయిటింగ్ లిస్టుల్లో ఉండిపోయారు. మోసగాడికి గిరాకీ పెంచింది మంచి బడిలో చోటు లేకపోవడమే. ముత్యాలు చేత సభలో ఆ చివరి మాట అనిపించింది అందుకే. 2015 నుంచి టెనెసీ రాష్ట్రం హైస్కూలు ముగించినవాళ్లకు కమ్యూనిటీ కాలేజీలో ట్యూషన్ ఫీజు లేకుండా చేసింది, ఇంకా కొన్ని రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. దొంగ బడిని మూయించడం కంటే ఇది గట్టి మందు.

మనవాళ్లకు ఈ కథతో సంబంధం ఉంది, అది చేదు సంబంధం. కాలిఫోర్నియాలో ప్లెజంటన్ ఊరి ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద 2011 జనవరిలో దాడులు జరిగినప్పుడు, అందులో పేరున్న పదిహేను వందల మందికి పైగా విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు, వాళ్లలో ఆంధ్రప్రదేశ్ పిల్లలు ఎందరో. కొందరి కాళ్లకు నిఘా పరికరాలు తగిలించిన ఫొటోలు చూసి ఇక్కడ తల్లిదండ్రులు తల్లడిల్లిపోయారు. ఆ సంస్థ నడిపిన సూసన్ సూకు 2014లో పదహారేళ్లకు పైగా జైలుశిక్ష పడింది. అక్కడా అదే సూత్రం: కొత్తవాళ్లను తెచ్చిన విద్యార్థులకు ఫీజులో వాటా ఇచ్చేవారు. వీసా కాగితాలు ఇచ్చే అధికారం ఆ సంస్థకు ప్రభుత్వమే ఇచ్చింది, కాబట్టి ముద్ర ఉందన్న ధైర్యం ఒక్కటే సరిపోదు. 2019లో మిషిగన్‌లో బయటపడ్డ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే అధికారులే వల పన్ని పెట్టిన ఉత్తుత్తి విశ్వవిద్యాలయం. పట్టుబడ్డవాళ్లలో మనవాళ్లు చాలామంది, విద్యార్థులను చేర్పించారని కేసులు పడ్డ ఎనిమిది మందీ భారతీయులే లేదా భారతీయ మూలాలవాళ్లే.

కాబట్టి అమీర్‌పేటలోనో విజయవాడలోనో విదేశీ చదువుల కన్సల్టెన్సీ ముందు కూచున్న అన్నయ్యలకు, అక్కయ్యలకు, వాళ్ల వెనక నిలబడ్డ నాన్నలకు నేను చెప్పేది ఇది. ఎదురుగా ఉన్న మనిషిని మొట్టమొదట అడగవలసింది కాలేజీ ర్యాంకు గురించి కాదు. "మా అబ్బాయి చేరితే మీకు ఎవరు, ఎంత ఇస్తారు బాబూ?" అని అడగండి. సూటిగా చెబితే కూచోండి, దాటవేస్తే లేచి రండి. ఇవాళే సంతకం పెట్టాలి అన్నారంటే తప్పకుండా లేచి రండి. మంచి విశ్వవిద్యాలయానికి చివరి తేదీ ముందే అచ్చయి ఉంటుంది, అది మీ కళ్లు చెమర్చిన సాయంత్రాన పుట్టుకురాదు.

తర్వాత ఇంటికొచ్చి అమెరికా విద్యాశాఖ నడిపే కాలేజ్ స్కోర్‌కార్డ్ తెరవండి. 2015 నుంచి ఉంది, రూపాయి ఖర్చు లేదు. చాలా కాలేజీల్లో చేరినవాళ్లు ఎందరు పూర్తి చేశారు, బయటికొచ్చాక మధ్యస్థ జీతం ఎంత, అప్పు ఎంత అన్నది డిగ్రీ చదువులకు బాగా తెలుస్తుంది. లాభాపేక్ష లేని సంస్థ అన్న బోర్డు చూసి మాత్రం సంతృప్తి పడకండి. ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్స్‌ను 2017లో కొన్నది అలాంటి ధార్మిక సంస్థే, రెండేళ్లు తిరక్కుండానే ఆ సంస్థ చేతిలోని కాలేజీలు చాలా కూలాయి, వాటిలో ఒకటైన ఆర్గోసీ యూనివర్సిటీ 2019 మార్చిలో చదువు మధ్యలోనే మూతపడింది.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇంకో మాట. మీ ఊళ్లోనే ఉన్న కమ్యూనిటీ కాలేజీని చిన్నచూపు చూడకండి. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలో జోలియెట్‌లో మొదలైన ఈ వరసలో ఇవాళ దేశమంతా కలిపి వెయ్యి వరకూ ఉన్నాయి, ఒక్క కాలిఫోర్నియాలోనే 116. స్థానికులకు ఏడాది ఫీజు సగటున 4,000 డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది. లాభాల కాలేజీలో అదే రెండేళ్ల డిగ్రీకి దాదాపు నాలుగింతలు పడుతుందని హార్కిన్ కమిటీ లెక్క తేల్చింది. నర్సింగ్, వెల్డింగ్, ఎలక్ట్రికల్ పనులు నేర్చుకోవాలన్నా, జీతం తీసుకుంటూ పని నేర్చుకునే అప్రెంటిస్‌షిప్ పట్టాలన్నా మొదట అడగవలసిన గుమ్మం అదే. మొదటి రెండేళ్లు అక్కడ చదివి, రాష్ట్ర విశ్వవిద్యాలయానికి మారి డిగ్రీ ముగించిన పిల్లలు ఎందరో ఉన్నారు. మారాలనుకుంటే చేరే ముందే ఆ విశ్వవిద్యాలయం నుంచి ఏ కోర్సుల క్రెడిట్లు ఒప్పుకుంటుందో రాతపూర్వకంగా తీసుకోండి. ఆ కాగితం చేతికొచ్చాక ఫీజు కట్టవచ్చు.